మగ్గం గుంటలోంచి కొప్పు మీదికి

మా దశరథ కాకా గురించి చెప్పాలంటే ముందు నా గురించి ఒక ముక్క చెప్పాలి. నాకు ముక్కు మీద కోపం. "మా విజేందర్ పుట్టంగనె ఏడ్వలే, మంత్రసానిని తిట్టిండు" అని మా అవ్వ ఊరంతా చెప్పుకునేది. ఇనుప షెడ్లు నిలబెట్టే పనిలో సూపర్‌వైజరుకు కోపమే నడుం బెల్టు, అది లేకపోతే ప్యాంటు జారిపోతుందని చాలా ఏళ్లు నమ్మినవాణ్ణి. ఆ నమ్మకాన్ని ఊడబెరికింది ఈ కాకానే. కాబట్టి ఆయన కథలో నా తిట్లూ వస్తాయి, నా తప్పూ వస్తుంది. దాచుకునేదేమీ లేదు.

చౌటుప్పల్ దాటాక హైవే పక్కన మా ఫ్యాక్టరీ. అందులో బిల్డింగులు తయారవుతాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. స్తంభాలు, దూలాలు, పైకప్పు షీట్లు అన్నీ మా దగ్గరే కోసి, వెల్డింగ్ చేసి, రంగులు వేసి, ఒక్కోదాని మీద నంబరు రాసి లారీ ఎక్కిస్తాం. వాటి వెనకాలే మేం పోయి నంబరు చూసి నిలబెట్టి బోల్టులు బిగిస్తే నెల తిరక్కుండా గోదాము లేస్తుంది. మా షెడ్లలో సగం సముద్రం ఒడ్డుకే పోతాయి. రొయ్యల మేత గోదాములు, ఐసు ఫ్యాక్టరీలు, కొబ్బరిపీచు మిల్లులు. సముద్రం వైపు పోయే ఇనుముకు రంగు రెండు పూతలు ఎక్కువ, స్క్రూలు తుప్పు పట్టని రకం. ఉప్పుగాలికి ఒక్క గీత దొరికితే చాలు, ఆర్నెల్లలో స్తంభాన్ని చెదపురుగులా తినేస్తుంది. బోరు నీళ్లకే ముఖం వాచిన నల్లగొండ వాళ్లం సముద్రం వాళ్లకు కప్పులు వేయడం ఏమిటని మాకే నవ్వొచ్చేది.

తెలంగాణ వచ్చిన రెండేళ్లకు దశరథ మా గేటు దగ్గరికి వచ్చాడు. కొయ్యలగూడెం మనిషి, నలభై నాలుగేళ్లు, పుట్టుకతో మగ్గం. తెల్లచొక్కా, చేతిలో సద్ది గిన్నె. వేళ్లకు రంగు మరకలు. మగ్గం మీద ఒక్క మనిషి నేస్తే చాలు, తన భార్య తన కన్నా మంచిగ నేస్తుంది, తనకు ఏదన్నా పని ఇప్పించమన్నాడు.

"మగ్గం నేసేటోనికి ఇనుమేం తెలుస్తది?" అన్నాను నేను, నా అలవాటు చొప్పున.

"తెల్వది సారూ. నూలు గూడ పుట్టంగనె తెల్వది" అన్నాడు తాపీగా.

ఆ తాపీతనం చూస్తే నాకు ఒళ్లు మండింది. కొత్తవాళ్ల భయం చూడటానికి నా దగ్గర ఒక పద్ధతి ఉండేది, మొదటి రోజే పైకి ఎక్కించేవాణ్ణి. బెల్టు కట్టి, హెల్మెట్ పెట్టి, మా ఫ్యాక్టరీలోనే కడుతున్న కొత్త షెడ్డు కొప్పు మీదికి, అంటే కప్పు రెండు వాలులూ కలిసే నడినెత్తికి, పంపాను. నలభై అడుగులు. మామూలుగా కొత్తవాడు సగం నిచ్చెన దగ్గరే దేవుణ్ణి తలుచుకుంటాడు. ఈయన గబగబా ఎక్కేశాడు. ఎక్కినవాడు దిగలేదు. అయిదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. కింద నేను గొంతు చించుకుంటున్నాను.

"దిగవయ్యా! గాడ కాపురం వెడుతవా ఏంది?"

"సారూ!" అని కేకేశాడు పైనుంచి. "భువనగిరి గుట్ట కనవడుతాంది!"

రాత్రి వాన కడిగిన పొద్దు అది. ఉత్తరాన గుట్ట ముద్దగా, నల్లగా కనిపిస్తోందట. దిగి వచ్చాక ఆయన కళ్లలో నీళ్లు చూసి నేను భయం అనుకున్నాను. భయం కాదు. "ముప్పై ఏండ్లు గుంతల కాళ్లు వెట్టి కూసున్న సారూ. నా సూపు గోడ దాక పోయి ఆగుడే. గింత దూరం ఎన్నడు జూడలే" అన్నాడు. మాది గుంట మగ్గాల సీమ. నేసేవాడు నేలలో తవ్విన గుంట అంచున కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి తొక్కాలి. పొద్దుటి నుంచి పొద్దుమూకే దాకా కళ్ల ముందు మూరెడు బట్ట, దాని వెనక గోడ. నేను భువనగిరిలోనే పుట్టి పెరిగినవాణ్ణి, ఆ గుట్టను ఏనాడూ తలెత్తి చూడలేదు. ఈయనకు ఏడుపెందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి ఆయనకు పైకప్పు పిచ్చి పట్టింది. కింద పని చెబితే మొహం మాడ్చుకునేవాడు. పైన అయితే పాటలే. ఇంటికి పోయి ఆ రోజు కొప్పు మీది నుంచి ఏమేం కనిపించాయో పెళ్లానికి పూసగుచ్చినట్టు చెప్పేవాడట. ఆమె సుగుణమ్మ. నోరున్న మనిషి, మనసున్న మనిషి. ఒకసారి సర్వపిండి తినడానికి పిలిచి, నా ఎదుటే మొగుణ్ణి ఉతికి ఆరేసింది.

"నాకు సవతి దొరికింది విజేందరూ. ఇనుపది. పొద్దుగాల లేస్తె దాని ముచ్చటే. గా ఊరు అగుపడ్డది, గీ చెరువు అగుపడ్డది అంటడు. నువ్వొక్కనివే జూస్తె అయితదా, నాకెవరు జూపెడుతరు?"

"బాకీ ఉన్న, జూపిస్త తియ్యి" అన్నాడు ఆయన పిండి నములుతూ.

"ఆ, జూపిస్తవ్! నేను సచ్చి సుక్కల్ల కలిసినంక పైకెల్లి నేనే జూసుకుంట."

పనిలో ఆయన చేయి వేరు. షీటును కింది కమ్మీకి బిగించే స్క్రూకు ఒక రబ్బరు బిళ్ల ఉంటుంది. వదులైతే నీళ్లు దిగుతాయి, మరీ బిగిస్తే రబ్బరు చిట్లి ఎండకు పెళుసై అప్పుడూ దిగుతాయి. మావాళ్లు మిషను పెట్టి గిర్రున తిప్పి వదిలేవారు. ఈయన ప్రతి స్క్రూనూ పడుగు పోగు బిగి చూసినట్టు వేలితో తడిమి చూసేవాడు. ఇంకో వింత అలవాటు కూడా ఉండేది. రోజు పని ఆపేటప్పుడు తాను బిగించిన వరుస చివర, లోపలి వైపు కమ్మీకి ఒక ఎర్ర నూలు పోగు కట్టేవాడు. గంజి పట్టించి ఎండబెట్టిన పోగు, కట్టాక మీసంలా బిర్రుగా నిలబడేది. నేతగాళ్లు ఎక్కడిదాకా నేశారో గుర్తు పెట్టుకుంటారట, ఇదీ అదేనట. "గిదేం దుకానం? తాయెత్తులు గడుతున్నవా షెడ్డుకు?" అని నేను వెక్కిరించాను. వెక్కిరించాను కానీ పోగులు లెక్కపెడితే ఎవరెంత పని చేశారో నాకూ తెలిసిపోయేది, అందుకని ఊరుకున్నాను. అయిదారేళ్లలో ఆయన పోగు కట్టిన వరుసలో ఒక్క చుక్క కారలేదు.

ఆయనకు యాభై దాటింది. మా మేనేజరు నరహరి ఒక రూలు పట్టుకొచ్చాడు, యాభై దాటినవాళ్లు పైకి ఎక్కకూడదని. నరహరి చెడ్డవాడేం కాదు, ఎవరైనా పడితే సమాధానం చెప్పాల్సింది ఆయనే. దశరథ పోయి బతిమాలుకున్నాడు. పనితనం చూసి నరహరి కాస్త మెత్తబడి, "సరే. ఒక్క ఫిర్యాదు, ఒక్కటంటే ఒక్కటి వచ్చిందనుకో, గేటు కాడ కుర్చీ ఏస్త. పుస్తకంల లారీల నంబర్లు రాసుకుంట కూసుంటవ్" అన్నాడు. గేటు పక్కన గోడ. దాని ఎదురుగా ఇంకో గోడ. దశరథ ఆ జాగా వైపు చూసి తల ఊపి వచ్చేశాడు.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను.

ఆ యేడు వానకాలం చివర్లో మచిలీపట్నం అవతల, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక రొయ్యల మేత గోదాము నిలబెట్టాం. తూర్పు వాలు దశరథది, పడమటి వాలు మిగతావాళ్లది. ఇంజనీరు గీసిచ్చిన బొమ్మ ప్రకారం కొప్పు పొడుగునా జానెడు సందు వదలాలి, దాని మీద వాన పడకుండా గొడుగులాంటి రేకు కప్పాలి. గోడల కింది భాగంలో గాలి జాలీలు పెట్టాలి. అంతకు ముందే నేను మేళ్లచెరువు దగ్గర ఒక గోదాము కట్టి వచ్చాను. సున్నపురాయి సీమ అది. చీమ దూరే సందున్నా దుమ్ము బుస్సున వస్తుంది. అక్కడ ఓనరు నన్ను నానా మాటలన్నాడు. నేను ప్రతి సందూ మూసేసి, గమ్ము పూసి, డబ్బాలా బిగిస్తే అప్పుడు చేయి కలిపాడు. ఆ చేయి కలపడం నా నెత్తికెక్కింది. సందు అంటే శత్రువు, అంతే. పైగా వాయుగుండం వస్తోందని టీవీలో ఒకటే మోత.

"కొప్పు మూసెయ్యి. జాలీలకు గూడ రేకులు కొట్టుండ్రి" అన్నాను.

"సారూ, బొమ్మల గాలికి జాగ ఇడిసిండ్రు గద?" అన్నాడు దశరథ కొప్పు మీది నుంచి.

"బొమ్మ గీసినోడు ఏసీల కూసొని గీసిండు. వాన లోపలికి గొడితె నువ్వు జవాబు జెప్తవా? ముయ్యి!"

ఆయన మూసేశాడు. వాయుగుండం వచ్చింది, రెండు రోజులు సముద్రం మీదపడ్డట్టు కురిసింది. గోదాములోకి ఒక్క చుక్క రాలేదు. నేను కాలరెగరేసుకుని ఫ్యాక్టరీకి తిరిగొచ్చాను. మూసిన సంగతి నరహరికి చెప్పనైనా చెప్పలేదు, మెచ్చుకోలు అడగడం నాకు చిన్నతనం మరి.

చలికాలం వచ్చింది. ఒక రోజు నరహరి నన్ను గదిలోకి పిలిచి ఫోన్‌లో ఫోటో చూపించాడు. మచిలీపట్నం గోదాము కారుతోంది. మేత బస్తాలకు బూజు పట్టింది. ఫోటోలో తూర్పు వాలు కింద తడి నేల, పైన కమ్మీకి వేలాడుతూ ఎర్ర పోగు.

"నేను జెప్పలే?" అన్నాడు నరహరి. "యాభై దాటినంక కండ్లు మసకవడ్తయ్. పోయి జూసిరా. తప్పు ఎవరి చేతిదో గీ కాయితంల పేరు రాసి సంతకం వెట్టి తే."

సిగ్గుపడుతూనే రాస్తున్నాను, చూసి రావడం దాకా కూడా ఆగలేదు నేను. ఆయన బల్ల మీదే, ఆయన పెన్నుతోనే దశరథ పేరు రాసేశాను. కాగితం జేబులో పెట్టుకుని యార్డులోకి వచ్చి పదిమంది ముందు అరిచాను. దశరథ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నా వరుస కారితె నేను మల్ల నిచ్చెన ముట్ట సారూ. గేటు కాడనే కూసుంట. గని నన్ను గూడ తోల్కపో. నా కండ్లతోని జూస్త" అన్నాడు.

బయల్దేరే రోజు బస్సు దగ్గరికి సుగుణమ్మ వచ్చింది. చేతిలో సద్ది మూట, దాని మీద గంజి పట్టించిన నూలు చిలప, పోగుల చుట్ట, ఒకటి. ఎప్పటిలా నన్ను ఆటపట్టించలేదు. "విజేందరూ, ఈయన తప్పుంటె దించు. నేనేమన. గని మల్ల గుంతల కూసున్నప్పటి మొకం వెట్టుకొని ఇంటికొస్తె నేను సూడలేను. జర మంచిగ జూడు" అంది. నేను బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. జేబులో కాగితం చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది.

గోదాముకు కాపలాదారు ఇస్రాయేలు. సన్నగా, పొడుగ్గా, నోటి నిండా నవ్వుతో ఉంటాడు. నేను ఆయన పలకరింపైనా పూర్తిగా వినకుండా ఫైరింజను పైపు తెప్పించాను. మధ్యాహ్నం ఎండలో తూర్పు వాలు మీద రెండు గంటలు నీళ్లు కొట్టించాను. లోపల నేనూ దశరథా మెడలు నొప్పెట్టేలా పైకి చూస్తూ నిలబడ్డాం. ఒక్క చుక్క లేదు. మూడో గంట కూడా కొట్టించాను. ఊహూ.

"మరి కారుతుందన్న గాడిద ఎవడు?" అన్నాను.

"నేనేనండి" అన్నాడు ఇస్రాయేలు వినయంగా. "మీరు వొచ్చినకాడ్నించీ చెబుదామనే చూస్తన్నానండి, మీరు చెప్పనిస్తేనా? వానపడితే కారదండి. వాన లేనప్పుడే కారుద్దండి."

పైపు పట్టుకున్నవాళ్లు పడీపడీ నవ్వారు. నాకు మాత్రం తల తిరిగిపోయింది. దశరథ నవ్వలేదు.

"ఏ టైముకు కారుతది అన్నా?"

"తెల్లారగట్టండి. పొద్దెక్కేసరికి ఆగిపోద్దండి."

దశరథ సద్ది మూట విప్పి నూలు చిలప తీశాడు. ఒక పోగు తెంపి పైన కమ్మీకి కట్టాడు, ఒకటి కింద బస్తాల దగ్గర, ఒకటి బయట ఇస్రాయేలు పడుకునే వసారాలో గుంజకు. అన్నీ బిర్రుగా నిలబడ్డాయి. ఏం చేస్తున్నావని అడిగితే, "రేపు పొద్దుగాల చూద్దువు తియ్" అన్నాడు. ఆ మాటకు కూడా నేను విసుక్కున్నాను.

తెల్లవారుజామున చల్లటి చుక్క ఒకటి మెడ మీద పడి మెలకువ వచ్చింది. గోదాములో ఒక పక్కన పట్టాలు పరుచుకుని పడుకున్నాం. దశరథ అప్పటికే లేచి టార్చి వేసి చూస్తున్నాడు. బయట ఆకాశం తేటగా ఉంది, నక్షత్రాలు ఇంకా పోలేదు. లోపల వాన! తూర్పు వాలే కాదు, పడమటి వాలు కూడా కారుతోంది. పడమట కింద బస్తాలు లేవు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదంతే. స్క్రూ అన్నదే లేని స్తంభం కూడా చెమటలు కక్కుతోంది. కమ్మీకి కట్టిన పోగు తడి గుడ్డపేలికలా వేలాడి బొట్టు బొట్టుగా కారుస్తోంది. వసారాలో పోగు కాస్త మెత్తబడింది కానీ, పొద్దెక్కి సముద్రపు గాలి తగలగానే మళ్లీ బిర్రుగా లేచింది. లోపలి పోగు మధ్యాహ్నం దాకా లేవలేదు.

దశరథ గోదాము నడుమ నిలబడి చుట్టూ చూశాడు. ఆయన మొహం మీద నవ్వు మొలిచింది.

"బిడ్డా" అన్నాడు. ఎప్పుడూ సారూ అనేవాడు, నోరు జారి అన్నాడో కావాలనే అన్నాడో. "నువ్వు గీడ మగ్గం ఇల్లు గట్టినవ్."

"ఏందీ?"

"మా నల్లగొండ గాలి పొడిది. పోగు ఎండితె పుటుక్కున తెగుతది. గందుకె మేము గుంతల నీళ్లు జల్లి, తలుపు మూసి, కిటికీకి తడి గోనెపట్ట గడుతం. తేమ బయటికి పోవద్దని. గీడ గాలే తడి గాలి. పొద్దంత దర్వాజ తెరిస్తె లోపల్కి వస్తది. నువ్వు అన్ని సందులు మూస్తివి. గా తేమ బయటికెట్ల పోవాలె? తెల్లారంగ రేకు సల్లవడ్తె అన్నం గిన్నె మూతకు వట్టినట్టు చెమట వడ్తది. కప్పు కారుతలేదు. లోపలి గాలే కారుతాంది."

ఇస్రాయేలు ఆయన మాట మధ్యలోనే అడిగేశాడు. "అయితే ఆ కొప్పు మూసిందెవరండీ బాబూ?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చేయి దానంతట అదే చొక్కా జేబు మీదికి పోయింది. దశరథ నా వైపు చూడనైనా చూడలేదు. పైకి ఎక్కించి మూయించింది నేను, వద్దన్నది ఆయన. ఆ మాట ఫ్యాక్టరీ యార్డులో పదిమంది ముందే అనొచ్చు. అనలేదు. ఇప్పుడూ అనలేదు.

"నేనే" అన్నాను. "నేనే మూపిచ్చిన."

"కాకా" అని పిలిచాను తర్వాత. యార్డంతా ఆయన్ను కాకా అనేది, నేనొక్కణ్ణే పేరు పెట్టి పిలిచేవాణ్ణి. "ఆ రోజు నువ్వు చెప్తనే ఉన్నవ్. నరహరి సారుకు ఎందుకు చెప్పలే?"

"నాకేం తెలుసు బిడ్డా అప్పుడు? నువ్వు జెప్పిందే రైటని నేను గూడ అనుకున్న. వాయుగుండంల సుక్క రాలే గద! తెల్వక చేసినదానికి ఎవలనేమంట?"

నాకు ఏడుపొచ్చింది. ఇంత మొగాణ్ణి, రొయ్యల మేత బస్తాల నడుమ నిలబడి కళ్లు తుడుచుకున్నాను. ఇస్రాయేలు కంగారుపడి టీ తెచ్చిచ్చాడు.

ఇక పని. కొప్పు మూసిన రేకు విప్పాలి, బొమ్మలో ఉన్న గొడుగు రేకులు ఎక్కించాలి. ఆ గొడుగు రేకులు అప్పట్లో ఇక్కడే ఒక మూల పడేసి పోయాం. మూల చూస్తే ఖాళీ. ఇస్రాయేలు నీళ్లు నమిలాడు.

"ఊరికే పడున్నాయి కదాని, కోళ్ల గూడు కప్పానండి."

పోయి చూస్తే నిజమే. మా ఫ్యాక్టరీ నంబర్లు వేసిన రేకుల కింద పన్నెండు కోళ్లు దర్జాగా కాపురం చేస్తున్నాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టని రెండు పూతల రంగు, రాజభోగం! మేం రేకులు విప్పుతుంటే కోళ్లు మమ్మల్ని తిట్టని తిట్టు లేదు. కాకా నవ్వలేక కడుపు పట్టుకుని కూర్చుండిపోయాడు. చివరికి కొప్పు మీంచి విప్పిన రేకులే కోళ్లకు కప్పి ఒప్పందం చేసుకున్నాం.

కాకా కొప్పు ఎక్కాడు. నేనూ ఎక్కాను. మొదటి రేకు లేపగానే లోపలి గాలి వెచ్చగా, మేత వాసనతో మా మొహాల మీదికి లేచింది. కాకా ఆ సందు మీద అరచేయి పెట్టాడు. "సూడు, ఊపిరి దీసుకుంటాంది" అన్నాడు. జాలీలకు కొట్టిన రేకులు నేనే నా చేత్తో ఊడబెరికాను. ఒక్కో రేకుకూ నన్ను నేనే ఒక తిట్టు తిట్టుకున్నాను, ఆ విద్యలో నాకు కొరత లేదు కదా.

మర్నాడు తెల్లారి కమ్మీలకు సన్నటి చెమ్మ, చుక్క మాత్రం లేదు. మూడో రోజు కమ్మీకి కట్టిన పోగు మీసం మెలేసినట్టు బిర్రుగా నిలబడింది. ఇస్రాయేలు దాని కింద నిలబడి రెండు చేతులూ ఎత్తి, "స్తోత్రం!" అని అరిచాడు. ఆ పోగు విప్పొద్దని, అక్కడే ఉండనివ్వమని మమ్మల్ని బతిమాలాడు.

తిరుగు బస్సులో కాగితం తీశాను. దశరథ పేరు కొట్టేసి, దాని కింద నా పేరు రాశాను. కాకా అది ఓరగా చూసి, సూర్యాపేట దాకా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. తర్వాత మెల్లగా, "నీ మీద కేసు గిట్ల వెడుతరా బిడ్డా?" అన్నాడు. తన సంగతి కాదు, నా సంగతి అడుగుతున్నాడు! ఫికర్ పెట్టుకోకు కాకా అన్నాను.

నరహరి కాగితం చదివి నన్ను దులిపేశాడు. ఇరవై నిమిషాలు. నా జన్మలో అన్ని తిట్లు నేను ఒకరికి వేసి ఉంటాను కానీ తినలేదు. తిట్టి తిట్టి అలసి నీళ్లు తాగాక శిక్ష చెప్పాడు. ఇప్పటిదాకా సముద్రం ఒడ్డున నేను నిలబెట్టిన ప్రతి షెడ్డుకూ నేనే పోయి కొప్పు చూసి రావాలి. పైన చూడటానికి కాకాను తోలుకుపోవాలి.

"యాభై దాటినోళ్లు ఎక్కొద్దు గద సారూ?" అన్నాడు కాకా, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని.

"నీ మోకాళ్లు వద్దనెదాక ఎక్కు. మోకాళ్లు అబద్ధమాడితె నాకు జెప్పు" అన్నాడు నరహరి. ఆ తర్వాత కాస్త మెత్తగా, "నీకేం గావాలె దశరథా? అడుగు" అన్నాడు.

కాకా హెల్మెట్ తీసి తల గోక్కున్నాడు. సిగ్గుపడ్డాడు. యాభయ్యేళ్ల మనిషి కొత్త పెళ్లికొడుకులా.

"మా ఇంటామెను ఒక్కసారి పైకెక్కియ్యాలె సారూ."

నరహరి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఎవరికీ నవ్వు రాలేదు.

ఆదివారం పొద్దున సుగుణమ్మ వచ్చింది. తాను నేసిన చిలకాకుపచ్చ చీర, దాని మీద బెల్టు, తల మీద పసుపు హెల్మెట్. చీర కుచ్చెళ్లు ఎగదోపి, నిచ్చెన మొదటి మెట్టు దగ్గర మమ్మల్నిద్దరినీ చూసి, "నేను పడితె మీ ఇద్దరి సంగతి మీది నుంచే జెప్తా" అంది. ముందు కాకా, నడుమ ఆమె, వెనక తాడు పట్టుకుని నేను. సగం దూరంలో రెండు సార్లు నరసింహస్వామిని తలుచుకుంది, ఒకసారి నన్ను తిట్టింది. కొప్పు మీదికి చేరాం.

అక్కడ ఆమె నోరు మూతపడింది. ఆ మనిషి నోరు మూయడం నేను చూడటం అదే మొదటిసారి. గాలి చీర కొంగును లాగుతోంది. పొలాలు, చెరువు, హైవే మీద చీమల్లా లారీలు, దూరాన నల్లటి గుట్ట. కాకా ఏదీ చూపించలేదు. చూడనిచ్చాడు.

"మన ఇల్లు యాడ?" అంది చాలాసేపటికి.

కాకా వేలు చాపాడు. కొయ్యలగూడెం కప్పులు తెల్లగా, అగ్గిపెట్టెలు పేర్చినట్టున్నాయి. ఆమె కళ్లు చిట్లించి వెతికింది.

"గంత చిన్నగున్నదా?" అంది. "గా ఇంట్లనే, గా గుంతలనే నువ్వు ముప్పై ఏండ్లు కూసున్నవా?" కాకా తలూపాడు. ఆమె ఆయన చేయి పట్టుకుంది, నేనున్నానని కూడా చూడలేదు. కళ్ల నిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. "ఇగ దిగకు" అంది. "రోజు ఎక్కు. ఎక్కి, వచ్చి చెప్పు. నేను తిడుత గని చెప్పు."

కింద నుంచి నరహరి గడియారం చూపించి చేతులు ఊపుతున్నాడు, టైమైందని. పదిహేనేళ్లుగా ఈ ఫ్యాక్టరీలో పైన ఉన్నవాళ్లను దిగండి దిగండి అని గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఆ రోజు నేనూ కొప్పు మీద కాళ్లు చాపుకుని వాళ్ల పక్కన కూర్చున్నాను.

"జర సేపు ఆగు సారూ!" అని కిందికి కేకేశాను. "భువనగిరి గుట్ట కనవడుతాంది!"